చిత్రకారుల ఉత్తరాలు, డైరీలు చదివాక బొమ్మ మారిపోతుందా?

నీటిరంగు:
అందరికీ నమస్కారం. నాకు బొమ్మలు చూడ్డం ఇష్టం, వేయడం మాత్రం బొత్తిగా రాదు. ఈమధ్య వాన్ గో తన తమ్ముడు థియోకి రాసిన ఉత్తరాలు కొంచెం కొంచెంగా చదువుతున్నాను, ఏ ఉత్తరంలో ఏ బొమ్మ గురించి ఉంటే ఆ బొమ్మ ఫోన్లో తెరిచి పక్కన పెట్టుకుని. ‘బంగాళాదుంపలు తినేవాళ్ళు’ నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. చీకటి గది, ముడతలు పడిన మొహాలు, దీనికెందుకింత పేరు అనుకునేదాన్ని. 1885 ఏప్రిల్ చివర్లో రాసిన ఉత్తరంలో ఆయనేమంటాడంటే, దీపం వెలుగులో ఆ పళ్ళెంలోకి చాస్తున్న చేతులే నేలని తవ్విన చేతులు, వాళ్ళు ఆ తిండిని నిజాయితీగా సంపాదించుకున్నారు, చూసేవాళ్ళకి ఆ సంగతి తట్టాలి అని. మొహాలకి వేసిన రంగు మట్టి అంటుకుని ఉన్న, తొక్క తీయని దుంప రంగట. అది చదివాక నా కళ్ళు మొహాల మీదకి పోవడం మానేసి చేతుల మీదకి పోతున్నాయి.

నా సందేహం ఏంటంటే, ఇది బొమ్మ గొప్పదనమా, ఉత్తరం గొప్పదనమా? మా ఆయనైతే "అంత వివరణ ఇచ్చుకోవాల్సి వస్తే ఆ బొమ్మ ఫెయిలైనట్టే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మీరేమంటారు?

బెజవాడ_బుల్లోడు:
మీ ఆయనకి నా ఓటు. బొమ్మ అనేది కళ్ళకి. చదవడానికి కథలున్నాయి, నవలలున్నాయి. డెలాక్రా అని ఫ్రెంచి పెయింటరు, జీవితంలో చాలా ఏళ్ళు డైరీ రాసిన మనిషి, 1863లో చనిపోవడానికి కొద్ది వారాల ముందు ఆఖరుగా రాసుకున్నది ఏంటో తెలుసా? బొమ్మకి ఉండాల్సిన మొదటి గుణం కంటికి విందు కావడం అని. అన్నేళ్ళు రాసి రాసి చివరికి ఆయనే ఆ మాట అన్నాక మనం ఇంకా డైరీలు తిరగేయడం ఎందుకు?

కందిపొడి:
ఆ మాట కూడా డైరీ చదివితేనే కదా మీకు తెలిసింది 😄

బెజవాడ_బుల్లోడు:
సరే సరే, ఒక పాయింటు మీకు.

డ్రాయింగ్‌మాస్టారు:
నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి నా దృష్టి కొంచెం వేరుగా ఉంటుంది. అందరూ ఈ ఉత్తరాల్లో ఆయన బాధ కోసం వెతుకుతారు, చెవి కోసుకున్న సంగతి, ఆసుపత్రి, తుపాకీతో కాల్చుకోవడం. నేను రంగుల కోసం వెతుకుతాను. ఆ మనిషి తమ్ముడికి రాసిన వాటిలో బోలెడు భాగం పనికి సంబంధించిన లెక్కే. ఫలానా తెలుపు ఇన్ని ట్యూబులు, క్రోమ్ పసుపు ఇన్ని, ప్రష్యన్ నీలం, జిరేనియం లేక్ అనే ఎరుపు, కాన్వాసు ఇన్ని మీటర్లు, డబ్బు అయిపోయింది పంపు. చదివేవాళ్ళకి విసుగు పుట్టొచ్చు గానీ కుంచె పట్టినవాడికి అదే అసలు సరుకు.

‘పడకగది’ బొమ్మ తీసుకోండి. 1888 అక్టోబరు 16న థియోకి రాస్తూ అందులో చిన్న స్కెచ్ కూడా గీశాడు. ఏ వస్తువుకి ఏ రంగో వరసగా చెప్పాడు. గోడలు లేత ఊదా. నేల ఎర్ర పెంకులు. మంచం, కుర్చీలు తాజా వెన్న పసుపు. దుప్పటి మెరిసే స్కార్లెట్ ఎరుపు, పక్కబట్టలు నిమ్మకాయ ఛాయ ఉన్న లేత ఆకుపచ్చ, కిటికీ ఆకుపచ్చ, మొహం కడుక్కునే బల్ల నారింజ, బేసిన్ నీలం, తలుపులు లిలాక్. నీడలు కావాలనే తీసేశాను, జపాన్ అచ్చుబొమ్మల్లాగా చదునుగా పూశాను అని కూడా రాశాడు. ఈ బొమ్మ చూస్తే బుర్రకి విశ్రాంతి దొరకాలి అన్నాడు.

ఇప్పుడు బొమ్మ తెరిచి గోడలు చూడండి. ఊదా ఎక్కడుంది? నీలం!

నీటిరంగు:
అయ్యో నిజమే మాస్టారూ. ఎన్నిసార్లు చూశానో, గోడలు నీలం అనే నా బుర్రలో ఉండిపోయింది. మరి ఆయన అబద్ధం రాశాడా?

కెమిస్ట్రీ_కిరణ్:
అబద్ధం కాదు, ఎరుపు ఎగిరిపోయింది. ఊదా అంటే నీలం, ఎరుపు కలిపిందే కదా. ఆ కాలంలో కొత్తగా వచ్చిన కొన్ని ఎరుపు లేక్‌లు, ముఖ్యంగా జిరేనియం లేక్, వెలుతురు తగిలితే నిలవవు. ఇయోసిన్ అనే సింథటిక్ డై నుంచి చేస్తారు దాన్ని. డైని ఒక లోహపు లవణం మీద పట్టించి నూనెలో కలిపితే ట్యూబులో చూడ్డానికి భగభగలాడుతూ ఉంటుంది, గోడకి తగిలించాక ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. కింద కలిపిన నీలమూ తెలుపూ మాత్రం మిగులుతాయి. గోడలు మొదట్లో ఊదాగానే ఉండేవని ఆమ్‌స్టర్‌డామ్‌లో రంగు నమూనాలు పరీక్ష చేసినవాళ్ళు కూడా తేల్చారు. ఉత్తరం ఒకవైపు, ల్యాబు ఒకవైపు, రెండూ ఒకే మాట చెప్తున్నాయి.

ఇంకో చోటా ఇదే జరిగింది. 1890 మే నెలలో సాన్ రెమీ ఆసుపత్రి వదిలే ముందు ఐరిస్ పూలగుత్తులు రెండు వేశాడు. ఒకదాని వెనక గులాబీ రంగు, ఇంకోదాని వెనక మెరిసే నిమ్మపసుపు అని థియోకి రాశాడు. ఆ గులాబీ రంగు బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వెనక అంతా దాదాపు తెలుపు. పూలు కూడా ఊదా నుంచి నీలానికి దిగిపోయాయి.

కందిపొడి:
అంటే మనం ఇన్నాళ్ళూ మెచ్చుకుంటున్నది ఆయన వేసిన రంగులు కాదు, ఎండ తిన్నాక మిగిలిన రంగులన్నమాట. మాస్టారూ, ఇవి వెలిసిపోతాయని ఆయనకి తెలీదా పాపం?

డ్రాయింగ్‌మాస్టారు:
తెలుసు. 1888 వసంతంలోనే రాశాడు, ఇంప్రెషనిస్టులు అనే ఆ కాలపు ఫ్రెంచి పెయింటర్లు ఫ్యాషన్ చేసిన రంగులన్నీ నిలకడ లేనివి, అందుకే జంకకుండా పచ్చిగా, ఘాటుగా వాడాలి, కాలమే వాటిని కావలసిన దానికంటే మెత్తబరుస్తుంది అని. బొమ్మలు పూలలాగే వాడిపోతాయి అని ఇంకోచోట అన్నాడు. కాబట్టి ఆ గాఢత చూసి "ఉద్రేకంలో వేసేశాడు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత వెలుస్తుందో లెక్కేసుకుని ముందుగానే ఎక్కువ వేసిన మనిషిని పట్టుకుని ఉద్రేకం అంటే ఎలా?

లత_నేపర్‌విల్:
మాది చికాగో పక్కన. 2016లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ‘పడకగది’ మూడు బొమ్మలూ ఒకే చోట పెట్టారు, నేను వెళ్ళాను. చాలామందికి తెలీదు, ఆ బొమ్మ ఆయన మూడుసార్లు వేశాడు. మొదటిది దక్షిణ ఫ్రాన్సులో ఆర్ల్ అనే ఊళ్ళో 1888లో, అది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటుంది. అది చెమ్మకి దెబ్బతింటే 1889 సెప్టెంబరులో ఆసుపత్రిలో ఉండగా అదే సైజులో ఇంకోటి వేశాడు, అది మా చికాగోది. అమ్మకీ చెల్లికీ ఇద్దామని చిన్నది ఒకటి, అది పారిస్‌లో ఉంది. ఆ ఎగ్జిబిషన్లో మొదట్లో రంగులు ఎలా ఉండి ఉంటాయో కంప్యూటర్లో వేసి చూపించారు. గోడ ఊదా అవగానే గది మొత్తం ఇంకో గది అయిపోయింది. నీలం గోడకి పసుపు మంచం కొంచెం గట్టిగా అరిచినట్టు ఉంటుంది కదా, ఊదా పక్కన అదే పసుపు సర్దుకుని కూర్చుంది. విశ్రాంతి అని ఆయన ఎందుకన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా నేను "విశ్రాంతేంటి, గది చూస్తే కళ్ళు తిరుగుతుంటే" అనుకునేదాన్ని.

బెజవాడ_బుల్లోడు:
కళ్ళు తిరగడానికి రంగొక్కటే కారణం కాదు. గదే వంకరగా ఉంది, మంచం మన మీదకి జారిపోతున్నట్టు ఉంది. పిచ్చి ముదురుతున్న లక్షణం అని ఎక్కడో చదివాను.

డ్రాయింగ్‌మాస్టారు:
ఎక్కడో చదివారు గానీ ఉత్తరాలు చదవలేదు 🙂 ఆర్ల్‌లో ఆయన ఉన్న పసుపు ఇల్లు కట్టిందే వంకరగా. వీధివైపు గోడ మూలమట్టానికి లేదు, ఆ గది నిజంగానే ఒక మూల నొక్కుకుపోయి ఉండేది. పైగా తేదీ చూడండి. అక్టోబరు మధ్య. వారం రోజుల్లో, 23న, గోగాఁ అనే ఫ్రెంచి పెయింటరు వచ్చి ఆ ఇంట్లో దిగాడు. స్నేహితుడు వస్తున్నాడని ఇల్లు సర్దుకుంటూ కుర్చీలు కొనుక్కుంటూ ఉన్న మనిషి వేసిన బొమ్మ అది. చెవి సంగతి డిసెంబరు 23న. రెండు నెలల తర్వాత జరగబోయేదాన్ని వెనక్కి తెచ్చి గది గోడలకి పూస్తారా?

మూలపేట_మురళి:
మాస్టారు చెప్పినదానికి కొంచెం వెనక కథ కలుపుతాను. ఈ ఉత్తరాలు మన దాకా రావడమే విచిత్రం. వాన్ గో చనిపోయింది 1890 జులై 29న, థియో పోయింది 1891 జనవరిలో, అంటే ఆరు నెలల్లో. థియో భార్య యోహానాకి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు, చేతిలో పసిబిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని కాన్వాసులు, ఒక బీరువాలో కట్టలు కట్టలు ఉత్తరాలు. ఆవిడ హాలండ్ వెళ్ళి బుస్సుమ్ అనే ఊళ్ళో అద్దెకి గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడుపుకుంటూ, ఆ ఉత్తరాలన్నీ చదివి తేదీలు లేనివాటిని వరసలో పెట్టింది. ఒక్కసారిగా అచ్చెయ్యలేదు. ముందు బొమ్మలకి పేరు రావాలి, మనిషి కథ బొమ్మలని మింగకూడదు అని ఆగింది. 1914లో మూడు సంపుటాలుగా వేసింది.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం వాళ్ళు వేసిన పూర్తి ఎడిషన్లో 902 ఉత్తరాలున్నాయి, అందులో ఆయన రాసినవి 819, ఆయనకి వచ్చినవి 83 మాత్రమే. తేడా చూడండి. థియో అన్నీ దాచుకున్నాడు, వాన్ గో చదివి పారేసేవాడు. కాబట్టి మనం వింటున్నది ఒక పక్షం వాదన. డబ్బు విషయంలో "నువ్వు నా బొమ్మలు అమ్మడానికి ప్రయత్నమే చెయ్యట్లేదు" అని నిష్ఠూరాలు ఆడిన ఉత్తరాలున్నాయి, వాటికి థియో ఏం జవాబిచ్చాడో చాలా చోట్ల లేనే లేదు. అది గుర్తుపెట్టుకుని చదవాలి.

‘బంగాళాదుంపలు తినేవాళ్ళు’ సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి. దాని లితోగ్రాఫ్ (రాయి మీద గీసి తీసిన అచ్చు) చూసి ఫాన్ రాపార్డ్ అనే స్నేహితుడు, ఆయనా పెయింటరే, చెడామడా విమర్శిస్తూ ఉత్తరం రాశాడు, ఇలాంటి పని నువ్వు సీరియస్‌గా చేశావని నమ్మలేను అన్నంతగా. వాన్ గో కోపంతో ఆ ఉత్తరాన్ని తిరిగి ఆయనకే పంపించేశాడు. దాచుకునే అలవాటు లేని మనిషి తిప్పికొట్టబట్టే అది ఇవాళ మిగిలింది!

నీటిరంగు:
ఆ ఫ్రేము సంగతి కూడా అదే ఉత్తరంలో ఉంది కదండీ? బంగారు రంగు ఫ్రేములో పెట్టాలి, లేదంటే పండిన గోధుమ రంగు కాగితం అంటించిన గోడ మీద పెట్టాలి, నల్లటి చోట పెడితే అసలు కనపడదు అని. నేను చూసిన ప్రతి పుస్తకంలో దాన్ని తెల్ల కాగితం మీద అచ్చేశారు. నా ఫోన్లో నల్ల బ్యాక్‌గ్రౌండ్. నిన్న సరదాకి బ్యాక్‌గ్రౌండ్ గోధుమ రంగుకి మార్చి చూశాను, దీపం వెలుగు ఒక్కసారిగా లేచింది. మా ఆయన్ని పిలిచి చూపించాను. "ఊఁ" అన్నాడు. ఆయన "ఊఁ" అన్నాడంటే చాలా ఎక్కువ.

బెజవాడ_బుల్లోడు:
రంగుల సంగతి ఒప్పుకుంటాను, అది సమాచారం. నా గొడవ భావాల దగ్గర. పెయింటరు తన బొమ్మకి అర్థం ఇదీ అని రాస్తే మనం నమ్మేయాలా? ‘నక్షత్రాల రాత్రి’ తీసుకోండి, ప్రపంచంలో సగం మగ్గుల మీద ఉంటుంది. దాని గురించి ఆయన రాసింది బహు తక్కువ. పైగా 1889 నవంబరులో ఎమిల్ బెర్నార్ అనే కుర్ర పెయింటరుకి రాస్తూ, మళ్ళీ పెద్ద పెద్ద నక్షత్రాల కోసం ఎగబడ్డాను, ఇంకో ఓటమి, ఇక చాలు అన్నాడు. ఇప్పుడేం చేద్దాం? ఆయన ఓటమి అన్నాడని మనం కూడా అందామా?

సేజాన్ అనే ఫ్రెంచి పెయింటరు ఇంకో కేసు. 1904లో అదే బెర్నార్‌కి ఒక ఉత్తరంలో ప్రకృతిని స్థూపం (సిలిండర్), గోళం, శంకువు ఆకారాలతో చూడు అని ఒక ముక్క రాశాడు. కుర్రవాడికి పెద్దాయన చెప్పిన పాఠం అది. జనం దాన్ని పట్టుకుని క్యూబిజానికి, అంటే వస్తువుల్ని రేఖాగణిత ఆకారాలుగా విడగొట్టి వేసే పద్ధతికి, పునాదిరాయి అన్నారు. ఆయన కొండ బొమ్మలు చూడండి, గోళాలూ శంకువులూ కాదు, చిన్న చిన్న రంగు పట్టీలు. ఒక వాక్యం అన్ని కాన్వాసులనీ కమ్మేసింది. ఇదీ నా బాధ.

సుమతి_టి:
బుల్లోడు గారూ, గోగాఁని మర్చిపోయారు, మీ వాదనకి అంతకంటే మంచి సాక్షి దొరకడు. తాహితీ ద్వీపం నుంచి 1893లో పారిస్ తిరిగొచ్చి, తన బొమ్మలు జనానికి అర్థమయ్యేలా ‘నోవా నోవా’ అని రాశాడు. చదివితే అక్కడి దేవుళ్ళ కథలన్నీ ఆ ఊరి పిల్ల రాత్రిళ్ళు పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. నిజానికి చాలావరకు మోరెన్‌హౌట్ అనే ఆయన 1837లో వేసిన పుస్తకం నుంచి ఎత్తి రాసుకున్నవి. ఇక పదమూడేళ్ళ పిల్లని తెచ్చుకున్న సంగతిని ఏదో స్వర్గంలో ప్రేమకథలాగా రాసుకోవడం, అది చదివాక ఆ బొమ్మల్లో ఆడపిల్లల మొహాలు నాకు వేరేగా కనపడటం మొదలెట్టాయి. అంటే ఆయన కోరుకున్నట్టు కాదు, దానికి ఎదురుగా. రాతలు బొమ్మ మీద వెలుగు వేస్తాయి గానీ ఆ వెలుగు ఎప్పుడూ రాసినవాడికి అనుకూలంగా పడదు.

మూలపేట_మురళి:
ఇది బాగా చెప్పారు. ‘కాకులు ఎగురుతున్న గోధుమ పొలం’ మీద కూడా ఇలాంటి పేచీయే ఉంది. అదే ఆఖరి బొమ్మ, చావు ముందే కనపడింది అని అందరూ చెప్పేస్తారు. 1890 జులైలో ఆయన రాసింది, కల్లోలంగా ఉన్న ఆకాశం కింద విశాలమైన గోధుమ పొలాలు వేశాను, విషాదాన్నీ విపరీతమైన ఒంటరితనాన్నీ చూపించడానికి ప్రయత్నించాను అని. ఇక్కడిదాకా అందరూ కోట్ చేస్తారు. ఆ వెంటనే, మాటల్లో చెప్పలేనిది ఈ బొమ్మలు నీకు చెప్తాయి, పల్లెలో నాకు కనపడే ఆరోగ్యం, బలం కూడా వీటిలో ఉన్నాయి అన్నాడు. ఈ సగం ఎవరూ ఎత్తరు. ఆ ఉత్తరంలో కాకుల మాటే లేదు. అది ఆఖరి బొమ్మ కూడా కాదు, ‘చెట్టు వేళ్ళు’ అనేదే ఆఖరిదని ఇప్పుడు పరిశోధకులు చెప్తున్నారు. ఆయన ఆఖరి రోజులు గడిపిన ఓవేర్ అనే ఊళ్ళో అది వేసిన చోటుని 2020లో ఒక పాత పోస్ట్‌కార్డు సాయంతో గుర్తుపట్టారు కూడా. జులై 23న, అంటే తుపాకీ పేలడానికి నాలుగు రోజుల ముందు, థియోకి పంపిన చివరి ఉత్తరంలో ఏముందో తెలుసా? కావలసిన రంగుల ఆర్డరు.

కందిపొడి:
ఆ చివరి లైను చదివి కాసేపు ఏం టైప్ చెయ్యాలో తెలీలేదు.

డ్రాయింగ్‌మాస్టారు:
ఉల్లాసంగా ఉన్నదీ ఒకటి చెప్తాను లేకపోతే కుర్రాళ్ళు ఆయన్ని ఏడుపుగొట్టు అనుకుంటారు. 1888 ఆగస్టులో పొద్దుతిరుగుడు పూలు వేస్తూ, మార్సెయ్ వాడు బుయ్యబేస్ తిన్నంత ఆత్రంగా వేస్తున్నాను అని రాశాడు. బుయ్యబేస్ అంటే ఆ తీరంలో చేపల పులుసు. గోదావరి వాళ్ళకి పులస అంటే ఎలాగో అలాగ. పొద్దున్నే సూర్యుడు రాగానే మొదలెట్టాలి, పూలు త్వరగా వాడిపోతాయి, ఒక్క ఊపులో పూర్తి చేయాలి అని కూడా ఉంది. ఆ కుంచె దెబ్బలు ఎందుకంత మందంగా, తొందరగా ఉంటాయో దీంతో తెలియలేదూ? పూలు ఆగవు కాబట్టి!

కెమిస్ట్రీ_కిరణ్:
రాతలు అంటే ఉత్తరాలే కానక్కరలేదు. నార్వే పెయింటరు ముంక్ వేసిన ‘కేక’ మీదే పెన్సిల్‌తో ఒక వాక్యం ఉంది, ఎడమవైపు పైమూల, పిచ్చివాడు మాత్రమే వేసి ఉండాలి దీన్ని అని నార్వేజియన్‌లో. ఎవరో చూసినవాడు కోపంతో గీకి పోయాడని చాలాకాలం అనుకున్నారు. 2021లో ఓస్లో నేషనల్ మ్యూజియం వాళ్ళు ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు తీసి ఆయన డైరీల్లో, ఉత్తరాల్లో ఉన్న చేతిరాతతో పోల్చి, రాసింది ముంకే అని తేల్చారు. 1895లో ఆయన బొమ్మల మీద జరిగిన ఒక చర్చలో ఒక మెడికల్ స్టూడెంటు ఈయన మానసిక స్థితి మీదే సందేహం పెట్టాడు. ఆ తర్వాత రాసి ఉంటాడని అంటున్నారు. వెటకారమా, బాధా, రెండూనా? నాకైతే రెండూ. డైరీలు దాచబట్టే కదా ఆ పెన్సిల్ గీత ఎవరిదో తెలిసింది.

ఆ బొమ్మ పుట్టుక గురించి కూడా ఆయన 1892 జనవరిలో నీస్‌లో రాసుకున్నాడు, ఇద్దరు స్నేహితులతో నడుస్తుంటే పొద్దు గుంకి ఆకాశం నెత్తురు రంగుకి తిరిగింది, వాళ్ళు ముందుకి నడిచిపోయారు, నేను వణుకుతూ ఆగిపోయాను, ప్రకృతిలోంచి ఒక పెద్ద కేక వినపడింది అని. బొమ్మలో వెనక నడిచిపోతున్న ఇద్దరు ఎవరో ఇప్పుడు చెప్పక్కరలేదు. ఇంకో సంగతి, కేక వేస్తున్నది ఆ మనిషి కాదు. వాడు చెవులు మూసుకుంటున్నాడు.

నీటిరంగు:
ఇది నాకు కొత్త!! నోరు తెరిచి ఉంది కాబట్టి వాడే అరుస్తున్నాడు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

బెజవాడ_బుల్లోడు:
హ్మ్. ఇది మటుకు బొమ్మలోనే ఉంది, చేతులు చెవుల మీద ఉన్నాయి, సరిగ్గా చూస్తే రాత లేకుండానే తెలియాలి.

డ్రాయింగ్‌మాస్టారు:
తెలియాలి. ఎందరికి తెలిసింది? నా దగ్గర చదివిన పిల్లలకి ఆ బొమ్మ చూపిస్తే అందరూ నోరే చూస్తారు. రాత చేసే పని చాలాసార్లు ఇంతే బాబూ, బొమ్మలో లేనిదాన్ని తెచ్చి పెట్టదు, ఉన్నదాని వైపు తల తిప్పుతుంది.

శ్రీకాకుళం_సీను:
మన దేశం వాళ్ళెవరూ రాసుకోలేదా సార్? అన్నీ ఫారిన్ పేర్లే.

సుమతి_టి:
రాసుకోకేం. అమృతా షేర్‌గిల్ ఉత్తరాలు చదవండి. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది, తండ్రి సిక్కు, తల్లి హంగేరియన్, పారిస్‌లో చదువు. పందొమ్మిదేళ్ళకి వేసిన ‘యంగ్ గర్ల్స్’కి అక్కడ సలోన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. 1934లో అమ్మానాన్నలకి ఉత్తరం రాసింది, యూరప్‌లో చదివిన మోడర్న్ ఆర్టే నాకు మన శిల్పాలని, చిత్రాలని చూడ్డం నేర్పింది, అజంతా గోడ మీది బొమ్మ ఒకటి గానీ, పారిస్ గీమె మ్యూజియంలో ఉన్న చిన్న శిల్పం ఒకటి గానీ మొత్తం యూరప్ రినైసాన్స్ కళ అంతకన్నా విలువైనది అని. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల పొగరు ఉంది అందులో, ఒప్పుకుంటాను. కానీ చూడండి, ఆ మాట రాసినప్పటికి ఆవిడ ఇంకా అజంతా కళ్ళతో చూడలేదు!

చూసింది 1936 చివర్లో. బొంబాయిలో ఎగ్జిబిషన్ అయ్యాక అజంతా, ఎల్లోరా, హైదరాబాదు, అక్కణ్ణించి కొచ్చిన్, కన్యాకుమారి దాకా వెళ్ళింది. దారంతా ఉత్తరాలు. కొచ్చిన్‌లో మట్టంచేరి ప్యాలెస్ గోడల మీద బొమ్మలు ఆవిడని కట్టిపడేశాయి. ఆ ప్రయాణం తర్వాత 1937లో సిమ్లాలో కూర్చుని వేసినవే ‘బ్రహ్మచారులు’, ‘వధువు అలంకరణ’, ‘సంతకి వెళ్తున్న దక్షిణ భారత గ్రామీణులు’. అంతకుముందు వేసిన వాటి పక్కన ‘బ్రహ్మచారులు’ పెట్టి చూడండి. ఐదుగురు కుర్రవాళ్ళు, తెల్ల పంచెలు, వెనక ఎర్రమట్టి రంగు. ఒంటి చామనఛాయల్లో ఒకరికొకరికి ఎంత తేడా ఉందో చూడండి, ఒకరిది ఇటుక ఎరుపులోకి, ఒకరిది నేరేడు నలుపులోకి పోతుంది. మొహాల్లో ఏ డ్రామా లేదు, గోడ మీద బొమ్మల్లో ఉన్నట్టే అందరూ ఒకే తలంలో కూర్చున్నారు. ఉత్తరాలు చదవకపోయినా బొమ్మ అందంగానే ఉంటుంది బుల్లోడు గారూ, కాదనను. కానీ ఆ చదును ఎక్కణ్ణించి వచ్చిందో ఉత్తరాల్లో దారి పొడుగునా కనపడుతుంది.

హైదరాబాదులో ఏమైందో చెప్తే మనవాళ్ళు నొచ్చుకుంటారు. నవాబ్ సాలార్‌జంగ్ ఆవిడ బొమ్మలు తెప్పించుకుని తిప్పి పంపేశాడు. మైసూరు మహారాజు ఈవిడవి వద్దని రవివర్మవి తీసుకున్నాడు. ఇవాళ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ బొమ్మలు ఒకటి రెండైనా ఉండి ఉంటే!

కందిపొడి:
గంట కొట్టే గడియారం ఉందిగా మనకి, చాలు 😭

మూలపేట_మురళి:
రవివర్మ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఆయన తరఫున డైరీ రాసింది తమ్ముడు రాజరాజవర్మ. ఇంగ్లీషులో. తమ్ముడూ పెయింటరే, అన్న వెంటే తిరిగేవాడు, చాలా బొమ్మల్లో వెనకాల కొండలూ చెట్లూ ఆయన చెయ్యే. ఆ డైరీలు చదివితే ‘రాజా రవివర్మ’ అనే సంతకం వెనక ఇద్దరు మనుషుల చాకిరీ, రైలు ప్రయాణాలు, సంస్థానాల్లో పిలుపు కోసం పడిగాపులు కనపడతాయి. దేవతల బొమ్మల వెనక ఎంత వ్యాపారం నడిచిందో తెలుస్తుంది. తమ్ముడు 1905లో పోయాడు, తర్వాతి ఏడాదే అన్న కూడా.

తెనాలి_పాతసంచి:
మరి మన సంజీవదేవ్‌ని ఎవరూ తలుచుకోలేదే? దుగ్గిరాల పక్కన తుమ్మపూడి. 1914లో పుట్టి 1999 దాకా ఉన్నారు. కుర్రతనంలోనే హిమాలయాలకి పోయి కులూ లోయలో రష్యన్ పెయింటరు నికొలస్ రోరిక్ దగ్గర ఉండి వచ్చారు. తర్వాత ఊళ్ళోనే కూర్చుని దేశదేశాల వాళ్ళకి ఉత్తరాలు రాస్తూ, పేస్టల్స్ అనే రంగు సుద్దలతో ప్రకృతి దృశ్యాలు వేస్తూ బతికారు. ఆయన ఆత్మకథ పేరు కూడా ‘తుమ్మపూడి’యే. ఆయన రాతలు చదివి ఆయన బొమ్మలు చూస్తే ఒక తమాషా ఉంది. బొమ్మల్లో మనుషులు అరుదు. మబ్బు, కొండ, నీళ్ళు, వెలుగు. ఉత్తరాల నిండా మాత్రం మనుషులే. ఇంటికొచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు, ఎవరు ఏమన్నారో అన్నీ. రాత బొమ్మకి వివరణ అవ్వాలని లేదు, బొమ్మలో పట్టనిది రాతలోకి పోయి ఉండొచ్చు కూడా. నాకు అదే ఎక్కువ ఇష్టం.

లత_నేపర్‌విల్:
ఇది చదివితే మెక్సికో పెయింటరు ఫ్రీడా కాలో డైరీ గుర్తొచ్చింది. అందులో రాత ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం, సిరా మరకల్నే మొహాలుగా మార్చేస్తుంది. ఒక పేజీలో రంగు పెన్సిళ్ళతో గీతలు గీసి ఏ రంగు తనకి ఏమిటో రాసుకుంది. పసుపు అంటే పిచ్చి, జబ్బు, భయం, అందులోనే సూర్యుడూ ఆనందమూ కొంత అని. మన పసుపు కుంకుమల లెక్కతో ఆవిడ బొమ్మలోని పసుపుని చదివితే బోల్తా పడతాం. కాకపోతే ఆవిడ డైరీ నుంచి రెక్కలుంటే పాదాలెందుకు అనే లైను తీసి టీషర్టుల మీద వేసుకుంటున్నారు చూడండి, 1953లో కాలు తీసేసిన ఏడాది రాసుకున్న మాట అది. అది తెలిసి వేసుకుంటున్నారా అని డౌటు.

బెజవాడ_బుల్లోడు:
నేను చెప్పేదీ అదే మేడమ్, రాత చాలా తొందరగా టీషర్టు అవుతుంది. బొమ్మ కాదు.

కందిపొడి:
‘నక్షత్రాల రాత్రి’ మగ్గుల సంగతి మీరే చెప్పారు కదా బ్రదర్ పొద్దున.

నీటిరంగు:
😂 అందరికీ థాంక్స్. నాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. ముందు బొమ్మ చూసి తర్వాత చదవాలా, చదివి చూడాలా? వాన్ గో అయ్యాక అమృత ఉత్తరాలు చదువుదామనుకుంటున్నాను, ఎక్కడ దొరుకుతాయి, ఇంగ్లీషేనా?

డ్రాయింగ్‌మాస్టారు:
ముందు బొమ్మ. మొదటి చూపులో మీకు ఏం తోచిందో ఎక్కడైనా రెండు లైన్లు రాసి పెట్టుకోండి, తర్వాత ఉత్తరం తీయండి. ‘రాత్రి కఫే’తో మొదలెట్టండి, 1888 సెప్టెంబరు. ఎరుపు, ఆకుపచ్చలతో మనిషిలో ఉండే భయంకరమైన కోరికల్ని చూపించాలనుకున్నాను అన్నాడు. మనిషి నాశనమైపోగల చోటు, పిచ్చెక్కగల చోటు, నేరం చేయగల చోటు అన్నాడు. తను వేసినవాటిలో అందవికారమైన వాటిలో ఇదొకటి, ‘బంగాళాదుంపలు తినేవాళ్ళు’కి సాటి అని కూడా. మూడు రాత్రులు మేలుకుని వేశాడు. మీకు ముందే ఆ రెండో బొమ్మ తెలుసు కాబట్టి ఆయన ఈ రెంటినీ ఎందుకు జత కట్టాడో మీరే చూడండి, నేను చెప్పను.

మూలపేట_మురళి:
వాన్ గో ఉత్తరాలన్నీ మ్యూజియం వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లీషు అనువాదం, అసలు చేతిరాత ఫోటోలు, ఉత్తరంలో ప్రస్తావించిన బొమ్మలతో సహా. మీరు ఫోన్లో రెండు చోట్ల తెరుచుకోనక్కర్లేదు.

సుమతి_టి:
అమృత ఉత్తరాలు ఆవిడ చెల్లెలి కొడుకు వివాన్ సుందరం 2010లో రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చారు, ఇంగ్లీషులో. హంగేరియన్‌లో రాసినవి అనువాదం చేసి పెట్టారు. ఖరీదెక్కువ, లైబ్రరీలో అడగండి. ఒకటి ముందే చెప్తున్నా, మధ్యలో ఖాళీలుంటాయి. ఆవిడకి వచ్చిన ఉత్తరాలు ఇంట్లో అమ్మానాన్నలు చదివి తగలబెట్టేశారని తెలిసి తండ్రికి చాలా ఘాటుగా ఒక ఉత్తరం రాసింది. ముందు అది చదవండి, తర్వాత ‘వధువు అలంకరణ’ చూడండి.

బెజవాడ_బుల్లోడు:
మాస్టారి రూలు ముందు బొమ్మ అని కదా, మీరు ముందు ఉత్తరం అంటున్నారు?

సుమతి_టి:
నేను డ్రాయింగ్ మాస్టారిని కాదుగా 🙂